పదిహేను వేలల్లో మొదటి ఫోను: మూడో ఎండాకాలం దాకా నిలిచేది ఏది?

చెల్లె, నువ్వు చెప్పిన వివరాలు ఇవి. ఇల్లు నర్సంపేట దగ్గరి పల్లె, చదువు హనుమకొండలో డిగ్రీ. ఇంట్లో ఇప్పటిదాకా బటన్ ఫోనే. చేతిలో 15 వేలు ఉన్నాయి. చౌరస్తాలోని దుకాణంలో మూడు ఫోన్లు చూపించారు. మొదటిది 11 వేల 4జీ ఫోను, కెమెరా 108 మెగాపిక్సెల్, డబ్బా మీద పెద్ద అక్షరాల్లో 16 జీబీ ర్యామ్. రెండోది 15 వేల 5జీ ఫోను, 50 మెగాపిక్సెల్ కెమెరా, 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజీ, 6,000 ఎంఏహెచ్ బ్యాటరీ. మూడోది అదే ధరకు సెకండ్ హ్యాండ్ ఐఫోన్ 11, 64 జీబీది. నీ సిమ్ ఎయిర్‌టెల్, మీ బాపుది జియో, రెండూ ఇదే ఫోనులో ఉండాలి. క్లాసుల వీడియోలు, ఫోన్‌పే, బాపు పత్తి అమ్మకానికి కపాస్ కిసాన్ యాప్, ఇంటివాళ్ల ఫొటోలు దీంట్లోనే. ఏది కొనాలి అని అడిగినవు.

రెండోది కొను. కాకపోతే దాని గురించి రెండు సంగతులు తేల్చుకున్నాకే డబ్బులు కట్టు. ఆ రెండూ కిందనే చెప్తున్న.

దుకాణంలో మూడు ఫోన్లూ జోరుగానే నడుస్తాయి, ఎందుకంటే అవి ఖాళీగా ఉంటాయి. వాట్సాప్‌లో నూరు గ్రూపులు, గ్యాలరీలో ఐదువేల ఫొటోలు, నాలుగు బ్యాంకు యాప్‌లు చేరి, రెండు మూడు అప్‌డేట్లు పడ్డాక ఏది ఎట్లున్నదన్నదే అసలు లెక్క. అందుకని ఫోనును ఇవాళ్టి చూపుతో కాకుండా మూడో ఎండాకాలం నాటికి ఎట్లుంటుందో ఊహించుకొని కొనాలి. కొన్నాక మార్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి: బ్యాటరీ, పౌచ్, గ్లాసు, చార్జర్. ఎన్ని డబ్బులు పెట్టినా మార్చలేనివి కొన్ని: లోపలి స్టోరేజీ రకం, ర్యామ్, నెట్‌వర్క్ పట్టే తీరు, కంపెనీ అప్‌డేట్లు ఇచ్చే ఏండ్లు. నీ 15 వేలు ఈ రెండో రకం మీద పెట్టాలి.

తేల్చుకోవలసిన మొదటి సంగతి స్టోరేజీ. చాలామంది 128 జీబీనా, 64 జీబీనా అనే చూస్తారు. అది ఎంత వేగంగా చదువుతుంది, రాస్తుంది అన్నది ఎవరూ అడగరు. చౌక ఫోన్లలో ఈఎంఎంసీ అనే పాత రకం ఉంటుంది, కొంచెం మంచివాటిలో యూఎఫ్‌ఎస్ 2.2 ఉంటుంది. ఈఎంఎంసీ 5.1 సెకనుకు సుమారు 300 మెగాబైట్లు చదువుతుంది, యూఎఫ్‌ఎస్ 2.2 సుమారు వెయ్యి దాకా పోతుంది. అంతకన్నా ముఖ్యం, ఈఎంఎంసీ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. చదువుతున్నప్పుడు రాయలేదు, రాస్తున్నప్పుడు చదవలేదు. వాట్సాప్‌లో వీడియోలు దిగుతుంటే ఫోన్‌పే తెరిచినప్పుడు తెర బిగుసుకుపోయేది ఇందుకే. "ఫోను హ్యాంగ్ అవుతున్నది, ర్యామ్ తక్కువైంది" అనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు స్టోరేజీది. ఈ రకం సగం దాటి నిండుతున్న కొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. ఇది డబ్బా మీద రాసి ఉండదు. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి స్టోరేజీ వరుస చూడు. యూఎఫ్‌ఎస్ పెట్టిన కంపెనీ ఆ మాటను మామూలుగా రాసుకుంటుంది. ఏమీ రాయకుండా ఉత్త 128 జీబీ అని వదిలేస్తే ఈఎంఎంసీ అనే అనుకో. ఆ రెండో ఫోను ఈఎంఎంసీ అని తేలితే, అదే ధరలో యూఎఫ్‌ఎస్ ఉన్న ఇంకో కంపెనీది చూపించమను. దీంట్లో సర్దుకోవద్దు.

128 జీబీ ఫోనులో సిస్టమ్ తినగా నీకు మిగిలేది సుమారు నూరు. ఎప్పుడూ 15 నుంచి 20 జీబీ ఖాళీ ఉంచాలి. వాట్సాప్‌లో స్టోరేజీ అండ్ డేటా అన్న చోట ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌లో వీడియోల టిక్కులు తీసేస్తే ఈ పని సగం అయినట్టే.

ఇక ఆ 16 జీబీ ర్యామ్ మాట. డబ్బా మీద చిన్న అక్షరాలు చదివితే 8+8 అనో, 4+12 అనో కనబడుతుంది. మొదటి అంకే నిజమైన ర్యామ్. రెండోది స్టోరేజీలోంచి కొంత జాగా తీసి ర్యామ్ లాగా వాడుకోవడం. స్టోరేజీ ర్యామ్ కన్నా ఎన్నో రెట్లు నిదానం, అందులోనూ అది ఈఎంఎంసీ అయితే ఈ ఏర్పాటుతో ఫోను బాగుపడేకన్నా చెడిపోయేదే ఎక్కువ. కాబట్టి ఏ డబ్బా మీదైనా ప్లస్సుకు ముందున్న అంకె మాత్రమే లెక్కలోకి తీసుకో. ఈ రోజుల్లో ఆండ్రాయిడ్‌కు 4 జీబీ ఇరుకు, 6 సరిపోతుంది, 8 అయితే నాలుగో ఏడాది కూడా నిశ్చింత. ఆరుకు, ఎనిమిదికి మధ్య తేడా వెయ్యి, వెయ్యిన్నర లోపు ఉంటే ఆ డబ్బులు పెట్టడం దండగ కాదు.

ప్రాసెసర్, అంటే ఫోను మెదడు, దాని పేర్ల దగ్గర దుకాణంవాళ్లు ఏం చెప్పినా కంగారు పడకు. ఈ ధరలో ఎక్కువగా కనబడేది డైమెన్సిటీ 6300. అది 2020లో వచ్చిన డైమెన్సిటీ 700కు దగ్గరి చుట్టం, రెండు పెద్ద కోర్లు, ఆరు చిన్న కోర్లు అన్న అమరిక అప్పటిదే. పేరు మారినా పని పెద్దగా మారలేదు, కానీ నీ అవసరాలకు చాలు. స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2 కూడా ఇంచుమించు ఇదే వరుస. యూనిసాక్ టీ606 లాంటివి ఒక మెట్టు కింద. 11 వేల 4జీ ఫోన్లలో చాలావరకు ఆ మెట్టువే ఉంటాయి. ఆటలు ఆడే పని లేదన్నవు కాబట్టి ఇంతకుమించి దీని మీద ఆలోచన వద్దు.

తేల్చుకోవలసిన రెండో సంగతి నెట్‌వర్క్. నీ ఫోనులో జియో, ఎయిర్‌టెల్ రెండూ ఉంటాయి కాబట్టి ఇది నీకు మరీ ముఖ్యం. 5జీ రెండు రకాలు. ఒకటి ఎస్‌ఏ, అంటే 5జీ తన కాళ్ల మీద తానే నిలబడి నడిచేది. రెండోది ఎన్‌ఎస్‌ఏ, అంటే 4జీని పట్టుకొని నడిచేది. జియో 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టినప్పటి నుంచీ ఎస్‌ఏనే. ఎయిర్‌టెల్ ఫోన్లకు ప్రధానంగా ఇచ్చింది ఎన్‌ఎస్‌ఏ. ఫోను రెండింటినీ పట్టాలి. పట్టనివి కూడా అమ్ముతున్నారు: 2024 నవంబర్‌లో వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఎస్‌ఏ మాత్రమే పడుతుంది. అందులో జియో 5జీ వస్తుంది, ఎయిర్‌టెల్ సిమ్ వేస్తే 4జీతోనే సరిపెట్టుకోవాలి. డబ్బా మీద మాత్రం 5జీ అనే ఉంటుంది, అది అబద్ధమూ కాదు. అందుకే కంపెనీ పేజీలో నెట్‌వర్క్ వరుసలో ఎస్‌ఏ, ఎన్‌ఎస్‌ఏ రెండూ రాసి ఉన్నాయా, రెండింటి పక్కనా ఎన్78 అన్న బ్యాండ్ (సిగ్నల్ వచ్చే తరంగాల వరుస), ఎస్‌ఏ పక్కన ఎన్28 ఉన్నాయా చూడు.

ఎన్78 అంటే 3,500 మెగాహెర్ట్జ్. హనుమకొండలో నీ హాస్టల్ దగ్గర వేగంగా వచ్చేది అదే. కానీ దాని తరంగం దూరం పోదు, గోడ దాటితే తగ్గిపోతుంది. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, ఇది జియోది. వేగం తక్కువైనా దూరం పోతుంది, ఇంటి లోపలికీ వస్తుంది. మీ ఊళ్లో 5జీ వస్తే ముందుగా అక్కరకొచ్చేది ఇదే. 4జీలో కూడా అంతే, 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఊరి చివరి ఇంటిదాకా పోతాయి, 2,300 బ్యాండ్ టవర్ దగ్గరే మంచిగుంటుంది. మన దేశంలో అధికారికంగా అమ్మే ఫోన్లలో మామూలుగా ఈ 850, 900 బ్యాండ్లు ఉంటాయి. దుబాయ్ నుంచి తెచ్చినవంటూ అమ్మే ఫోన్లతోనే చిక్కు, వాటిని ముట్టుకోకు.

బ్యాండ్లు ఒకటే అయినా యాంటెన్నా మంచి చెడు ఫోను ఫోనుకూ మారుతుంది. దీన్ని ఏ కాగితమూ చెప్పదు, కొలిచి చూడాల్సిందే. ఊళ్లో ఎవరి దగ్గరైనా ఆ మోడల్ ఉంటే వాళ్లను అడిగి, మీ ఇంట్లో నువ్వు కూర్చునే చోటనే బాపు సిమ్ వేసి, సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్, స్టేటస్, సిమ్ స్టేటస్ అన్న వరుసలో సిగ్నల్ బలం చూడు. మైనస్‌లో డీబీఎం లెక్క వస్తుంది. మైనస్ 85 మంచిది. మైనస్ 100 దాకా నడుస్తుంది. మైనస్ 115 దాటితే మాట తెగిపోతుంది, క్లాసు వీడియో తిరుగుతూనే ఉంటుంది. అదే చోట ఇంకో ఫోనులో అదే సిమ్ వేసి పోల్చు. పది డీబీఎం తేడా కనబడితే అది చిన్న తేడా కాదు, ఒకటి ఇంట్లో మాట్లాడే ఫోను, ఇంకొకటి వాకిట్లోకి వచ్చి మాట్లాడే ఫోను అన్నట్టు. జియోకు 2జీ, 3జీ లేవు, కాల్ కూడా 4జీ మీదే పోతుంది. కాబట్టి ఈ లెక్క బాపు ఫోన్ కాల్స్‌కు కూడా వర్తిస్తుంది.

11 వేల 4జీ ఫోనును పక్కన పెట్టమనడానికి ఇదే ఇంకో కారణం. జియో, ఎయిర్‌టెల్ రెండూ రోజుకు 2 జీబీ, ఆపై ప్లాన్లకే అపరిమిత 5జీ ఇస్తున్నాయి. అది 4జీ ఫోనుకు అందదు. హాస్టల్‌లో వైఫై లేని పిల్లకు రోజువారీ డేటా అయిపోవడమన్నది క్లాసు ఆగిపోవడమే. నాలుగు వేలు మిగిలినట్టే ఉంటుంది, రీచార్జ్‌లో కరిగిపోతుంది.

సిమ్ ట్రే కూడా తీయించి చూడు. కొన్ని ఫోన్లలో రెండు సిమ్‌లు పెడితే మెమరీ కార్డుకు చోటుండదు. రెండు సిమ్‌లు ఖాయం కాబట్టి నీకు మూడు గదులున్న ట్రే అయితే మేలు.

అప్‌డేట్ల సంగతి చాలామందికి కొత్త ఫీచర్ల ముచ్చట అనిపిస్తుంది. అది కాదు. నెలనెలా వచ్చే సెక్యూరిటీ ప్యాచ్, అంటే దొంగలు దూరే సందులు పూడ్చే చిన్న అప్‌డేట్, ఆగిపోయిన ఫోనులో బ్యాంకు యాప్‌లు నడపడమంటే తాళం పాతబడిన ఇంట్లో బంగారం దాచినట్టు. కొన్నేండ్లకు ఆ యాప్‌లే పాత ఆండ్రాయిడ్‌లో నడవమని మొండికేస్తాయి. ఈ ధరలో కంపెనీలు ఎక్కువగా రెండు ఆండ్రాయిడ్ వెర్షన్లు, మూడు నాలుగేండ్ల ప్యాచ్‌లు అని మాటిస్తాయి. సామ్‌సంగ్ 2024లో గెలాక్సీ ఏ16 5జీకి ఆరేండ్లు అని ప్రకటించాక ఈ తరగతిలో కూడా ఎక్కువ అడగొచ్చని తేలింది. గూగుల్ పిక్సెల్ 8 నుంచి ఏడేండ్లు ఇస్తున్నది, కానీ అది నీ ధర కాదు. గుర్తుపెట్టుకో, ఆ ఏండ్లు నువ్వు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచి లెక్క. ఏడాదిన్నర కిందటి మోడల్‌ను తగ్గింపులో కొంటే ఏడాదిన్నర అప్‌డేట్లు పోగొట్టుకొని కొన్నట్టే. ధర తగ్గినప్పుడు ఈ తీసివేత కూడా చెయ్.

తెర గురించి తెలుగు చదివేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 6.7 అంగుళాల తెర మీద 720 పిక్సెళ్లుంటే అంగుళానికి సుమారు 260 చుక్కలు, 1080 ఉంటే సుమారు 390. ఇంగ్లిష్ అక్షరాలకు 260 సరిపోతుంది. తెలుగులో ఒత్తులు, గుడులు చిన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. పీడీఎఫ్ నోట్సు చిన్న అక్షరాల్లో తెరిస్తే 720 తెర మీద ష్ట, ష్ఠ తేడా కళ్లు చికిలించి చూడాలి. దుకాణంలో ఏదైనా తెలుగు దినపత్రిక ఈ-పేపర్ తెరిచి, జూమ్ చేయకుండా చదివి చూడు, అదే పరీక్ష. రెండో ఫోను తెర 720 అయితే, యూఎఫ్‌ఎస్, నెట్‌వర్క్ రెండూ సరిగ్గా ఉన్నప్పుడు దీనికి ఒప్పుకోవచ్చు, అక్షరాలు పెద్దవి చేసుకొని చదవొచ్చు.

తర్వాత ఆ ఫోనును దుకాణం బయటికి తెచ్చి ఎండలో పట్టుకో. ఎనుమాముల మార్కెట్లో పట్టపగలు తక్‌పట్టీ (పంట అమ్మిన చీటీ) ఫొటో తీసి చూపించాల్సిన తెర ఇది, ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఏం తెలుస్తుంది? కంపెనీ చెప్పే నిట్స్ (తెర వెలుగు కొలత) అంకెల్లో పీక్ అన్నది తెరలో చిన్న ముక్కకు, కొన్ని క్షణాలకు. అమోలెడ్ తెర కంటికి ఇంపుగా ఉంటుంది, కానీ పగిలితే ఫోను ధరలో మూడో వంతు నుంచి సగం దాకా పెట్టాలి. ఎల్‌సీడీ మార్పిడి అంతకన్నా చాలా చవక. మొదటి ఫోను చేయి జారడం మామూలే, అందుకని నీకు ఎల్‌సీడీ లోటేమీ కాదు.

కెమెరాకు రెండు మాటలు చాలు. 108 అయినా 50 అయినా, నాలుగు నుంచి తొమ్మిది చుక్కలను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తుంది. పక్కనున్న 2 మెగాపిక్సెల్ గుండ్రాలు అలంకారానికి. దుకాణంలో లోపలి మూలకు, వెలుతురు లేని చోట ఒక మనిషి ఫొటో తీసి, ముఖాన్ని జూమ్ చేసి చూడు. వెంట్రుకలు వెంట్రుకల్లా కనబడితే మంచి కెమెరా, ముఖం మైనం పూసినట్టుంటే కాదు.

బ్యాటరీ, ఎండ. ఈ సంగతి మనవైపు ఎంత చెప్పినా తక్కువే. యాపిల్ తన ఫోన్లు వాడాల్సిన వాతావరణం 0 నుంచి 35 డిగ్రీలు అని రాసింది. మిగతావాళ్ల లిథియం బ్యాటరీలూ వేరే మట్టితో చేసినవి కావు. మే నెలలో వరంగల్‌లో 42, 43 మామూలు, రామగుండం వైపు ఇంకా ఎక్కువ. ఆ వేడిలో ఫోను తెర వెలుగు తగ్గించుకుంటుంది, చార్జింగ్ ఆపేస్తుంది. అది రోగం కాదు, తనను తాను కాపాడుకోవడం. ఫ్రిజ్‌లో పెట్టకు, లోపల తేమ పట్టి బోర్డు పోతుంది. పౌచ్ తీసి, నీడలో, ఫ్యాన్ కింద పది నిమిషాలు ఉంచితే చాలు. రేకుల కప్పు కింద మధ్యాహ్నం చార్జింగ్ పెట్టకు, తెల్లవారుజామున పెట్టు. బండి హ్యాండిల్ మీద, ట్రాక్టర్ డ్యాష్ మీద వదలకు. రాత్రంతా నూరు శాతం మీద ఉంచేకన్నా 80, 90 దగ్గర ఆపే సెట్టింగు ఉంటే వేసుకో. ఇట్ల చూసుకుంటే మూడో ఎండాకాలానికి కూడా రోజంతా నడుస్తుంది.

చార్జర్ డబ్బాలో ఉన్నదో లేదో అడుగు, ఇప్పుడు చాలా కంపెనీలు ఇవ్వడం లేదు. 45 వాట్లు అని రాసిన ఫోనుకు ఇంట్లో ఉన్న ఏదో చార్జర్ పెడితే 10 వాట్లే ఎక్కొచ్చు, ఎందుకంటే ఒక్కో కంపెనీ వేగపు భాష ఒక్కోటి. 6,000 ఎంఏహెచ్ అంటే సుమారు 23 వాట్ అవర్లు. 10 వాట్ల మీద మూడు గంటలు, 33 వాట్ల మీద గంటన్నర లోపు. చార్జర్ విడిగా కొనాలంటే దాన్ని కూడా ఫోను ధరలో కలిపే పోల్చు. ఊళ్లో కరెంటు ఎక్కువ తక్కువలున్నప్పుడు 150 రూపాయల చార్జర్ మొత్తం ఫోను మీదకే తెస్తుంది. బీఐఎస్ గుర్తున్నది, ఆ కంపెనీదే తీసుకో.

ఐఫోన్ 11 మీద నీకు మనసున్నట్టు నీ మాటల్లో తెలుస్తున్నది. అది చెడ్డ ఫోను కాదు. 2019 సెప్టెంబర్‌లో వచ్చినా దాని చిప్ ఈ 15 వేల కొత్త ఫోన్ల కన్నా వేగమే, వీడియో ఇప్పటికీ బాగా తీస్తుంది. కానీ నీ పనికి సరిపోదు. 5జీ లేదు. 64 జీబీ, కార్డు వేసే చోటు లేదు. కొత్తగా ఉన్నప్పుడే బ్యాటరీ సుమారు 3,110 ఎంఏహెచ్, ఇన్నేండ్ల తర్వాత అందులో ఎనభై శాతం ఉంటే గొప్ప. రెండో సిమ్ ఈ-సిమ్‌గానే, అంటే కార్డు లేకుండా ఫోనులోకే ఎక్కించుకొని, పెట్టాలి. అప్‌డేట్ల ఆయుష్షు చివరికొచ్చింది. ఎప్పుడైనా ఎవరికైనా పాత ఐఫోన్ కొనాల్సి వస్తే ఇట్ల చూడాలి: సెట్టింగ్స్, బ్యాటరీలో హెల్త్ శాతం, జనరల్, అబౌట్‌లో విడిభాగాల దగ్గర అన్‌నోన్ పార్ట్ అన్న మాట ఉన్నదా, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ట్రూ టోన్ కనబడుతున్నదా. కనబడకపోతే తెర మార్చారన్నట్టు. అమ్మేవాడు తన యాపిల్ ఐడీ నుంచి నీ ముందే సైన్ అవుట్ చేసి, ఫోనును పూర్తిగా చెరిపి, మొదటి హలో తెర నుంచి నీ చేత తెరిపించాలి. "పాస్‌వర్డ్ తర్వాత చెప్తా" అంటే లేచి వచ్చెయ్.

సర్వీస్ సెంటర్ సంగతి దుకాణంవాడిని అడగకు, కంపెనీ సైట్‌లో పిన్‌కోడ్ కొట్టి చూడు. హనుమకొండకు 506001, వరంగల్‌కు 506002. అక్కడే రిపేరు చేసే సెంటరా, ఫోను తీసుకొని హైదరాబాద్ పంపే చోటా అన్నది ఫోన్ చేసి కనుక్కో. రెండో రకమైతే వారం, పది రోజులు ఫోను లేకుండా ఉండాలి, కపాస్ కిసాన్‌లో స్లాట్ పెట్టాల్సిన రోజుల్లో అది మామూలు కష్టం కాదు.

ధర. పండుగ సేల్‌లో తగ్గుతుందని ఆగాలా అంటే, ఇప్పుడు ఆగడం లాభమని చెప్పలేను. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు పెరిగి, కంపెనీలు అవే మోడళ్ల రేట్లు పెంచుతున్నాయి. ఆన్‌లైన్ ధర స్క్రీన్‌షాట్ తీసుకొని దుకాణంలో చూపించు, చాలాసార్లు రెండు మూడు వందల తేడాకు వస్తారు. తగ్గించకుండా గ్లాసు, పౌచ్, ఇయర్‌ఫోన్ కలిపి "వెయ్యి రూపాయల కాంబో ఫ్రీ" అంటే, అవి వద్దు, ఆ మేరకు డబ్బు తగ్గించమను. బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామంటే అసలే వద్దు. ఫోను మీద జీఎస్టీ 18 శాతం, నీ 15 వేలల్లో 2,288 రూపాయలు అదే. ఆ పన్ను నువ్వు కట్టినట్టు కాగితం లేకపోతే వారంటీ అడిగే మొహం ఉండదు.

కిస్తీల మీద తీసుకోమని గట్టిగా అంటారు, ఎందుకంటే దుకాణానికి అందులో కమీషన్ ఉంటుంది. నీ దగ్గర నగదు ఉన్నప్పుడు అక్కర్లేదు. తప్పనిసరైతే ముందు నగదు ధర అడుగు, తర్వాత కిస్తీ ధర అడుగు. నగదుకు 14,200, సున్నా వడ్డీ కిస్తీకి 15,000 అంటే ఆ 800 వడ్డీయే. దాని మీద ప్రాసెసింగ్ ఫీజు, ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. సున్నా శాతం వడ్డీ అన్నదే లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే చెప్పింది. కొన్ని ఫైనాన్స్ కంపెనీలు ఫోనులో లాక్ యాప్ వేస్తాయి, ఒక్క కిస్తీ తప్పితే ఫోను మూసుకుపోతుంది. సంతకానికి ముందు ఆ మాట సూటిగా అడుగు.

ఇక డబ్బులు కట్టే ముందు బల్ల దగ్గర చేయాల్సిన పని. తొందర పెట్టినా తొందరపడకు, ఇరవై నిమిషాలు నీ హక్కు. సీలు నీ ముందే కోయాలి. డబ్బా మీద తయారైన నెల, ఏడాది చూడు, ఆరు నెలలు దాటితే ఎందుకని అడుగు. ఫోను తెరవగానే భాష ఎంచుకోమనే మొదటి తెర రావాలి. నేరుగా యాప్‌లున్న తెర వస్తే అది ముందే తెరిచిన ఫోను. సీలున్నా ముందే యాక్టివేట్ చేసిన ఫోన్లు కూడా తిరుగుతుంటాయి, అప్పుడు నీ వారంటీ నెలల కిందటే మొదలై ఉంటుంది. *#06# కొడితే 15 అంకెల ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) నంబర్లు రెండు వస్తాయి. డబ్బా మీదివి, బిల్లు మీదివి, తెర మీదివి మూడూ ఒకటే అయి ఉండాలి. ఆ నంబరుతో కంపెనీ సైట్‌లో వారంటీ తేదీ చూడు. ఇంకా, ఇంగ్లిష్‌లో కేవైఎం అని మూడు అక్షరాలు కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఐఎంఈఐ రాసి 14422కు మెసేజ్ పంపు. ఆ నంబరు సరైనదో, బ్లాక్ లిస్టులో ఉన్నదో ప్రభుత్వ వ్యవస్థ నుంచే జవాబు వస్తుంది.

తర్వాత తెల్లటి ఫొటో, నల్లటి ఫొటో నిండుగా పెట్టి తెర మీద చుక్కలున్నాయేమో చూడు. నీ సిమ్ వేసి ఒక కాల్ చెయ్, అవతలివాళ్లకు నీ మాట వినబడుతున్నదా అడుగు, స్పీకర్ మీద కూడా. చార్జర్ పెట్టి ఎక్కుతున్నదా చూడు. వేలిముద్ర పెట్టుకొని ఐదుసార్లు తెరువు. మ్యాప్స్‌లో నీలం బాణం నువ్వు తిరిగినవైపు తిరగాలి. తిరగకపోతే దిక్సూచి సెన్సార్ లేనట్టు, చౌక ఫోన్లలో ఇది ఎగ్గొడతారు. బిల్లు మీద దుకాణం జీఎస్టీ నంబరు, నీ పేరు, రెండు ఐఎంఈఐలు ఉండాలి. ఫోనుకు ఏడాది, చార్జర్‌కు మామూలుగా ఆరు నెలలు వారంటీ. లోపలికి నీళ్లు పోయి పాడైతే, నీళ్లను తట్టుకుంటుందని ఐపీ64 అని రాసినా, ఐపీ68 అని రాసినా వారంటీలో సాధారణంగా చేయరు.

ఇంటికి పోయాక మొదట వైఫై మీద గానీ, 5జీ వచ్చే చోట గానీ అప్‌డేట్లన్నీ వేసేయ్. అడగకుండా వచ్చిన ఆటల యాప్‌లు తీసేయ్, లాక్ తెర మీద వార్తలు, బొమ్మలు తిప్పే గ్లాన్స్ ఉంటే సెట్టింగ్స్‌లో ఆపేయ్. సగం ప్రకటనలు అక్కడి నుంచే వస్తాయి. కీబోర్డులో తెలుగు వేసి, మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులోనే టైపవుతుందని బాపుకు చూపించు. యాప్‌లు ప్లే స్టోర్ నుంచి తప్ప ఎక్కడి నుంచీ వేయొద్దని ఇంటిల్లిపాదికీ చెప్పు. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైలును (ప్లే స్టోర్ లేకుండా యాప్ ఎక్కించేది) తెరిస్తే ఓటీపీలు అవతలివాడికి పోతాయి, ఖాతా ఖాళీ అవుతుంది. బటన్ ఫోను నుంచి కొత్తగా వచ్చిన ఇల్లు ఆ మోసగాళ్లకు సులువుగా దొరుకుతుంది. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల నంబరు 1930కు ఫోన్ చేయాలి, గంటలు గడిస్తే ఆపడం కష్టం. ఫోనే పోతే పోలీసుకు ఫిర్యాదు ఇచ్చి, ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయించాలి, 2023 మే నుంచి దేశమంతా ఈ ఏర్పాటు ఉన్నది. దానికి బిల్లు, ఐఎంఈఐ కావాలి. అందుకే బిల్లుకు, డబ్బా మీది లేబుల్‌కు ఇవాళే ఫొటో తీసి నీ మెయిల్‌కు పంపుకో, ఫోనులోనే దాస్తే ఫోనుతో పాటే పోతుంది.

మొదటి వారం ఫోనును బాగా వాడు. రోజూ నిండా చార్జ్ చెయ్, రెండు సిమ్‌ల మీదా మాట్లాడు, క్లాసు వీడియో గంటసేపు నడుపు. పుట్టుకతో లోపమున్న ఫోను సాధారణంగా ఈ రోజుల్లోనే బయటపడుతుంది. మార్చి ఇచ్చే గడువు చాలాచోట్ల ఏడు రోజులే, దుకాణంలో అది ఎన్ని రోజులో బిల్లు వెనక రాయించుకో.